వెనక నుంచి చూస్తే

ఫిబ్రవరి 6

జిగురూ,

దిగాను. తల ఉంది, జుట్టు ఉంది, పెట్టె మాత్రం ఒకరోజు ఆలస్యంగా వచ్చింది.

ముందు విమానాశ్రయం భాగవతం విను. పాస్‌పోర్టులో నా ఫొటో నాన్న హయాంలోది కదా, చెవుల చుట్టూ గీత గీసినట్టు గొరిగించిన తల. గాజుగదిలో అధికారి ఆ ఫొటో చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ ఫొటో చూశాడు. జుట్టు పైకెత్తమని సైగ చేశాడు. ఎత్తాను. చెవులు చూపించమన్నాడు. చూపించాను. పక్క గదిలోంచి ఇంకొకాయన్ని పిలిచాడు. ఆయన నా వెనక్కి వెళ్ళి మరీ చూశాడు. వెనకేముంటుంది, నడుం దాకా జుట్టు తప్ప! లైనులో ఉన్నవాళ్ళందరూ వీధిలో తగువు చూస్తున్నట్టు మెడలు చాచి చూస్తున్నారు. చివరికి మీసమే గట్టెక్కించింది. ఫొటోలో మీసం, మొహం మీద మీసం ఒక్కటేనని ఇద్దరూ తీర్మానించి ముద్ర కొట్టారు.

అక్కడితో అయిందా? సోదా చేసేచోట నన్ను వెనక నుంచి చూసిన వాడెవడో ఆడవాళ్ళ తెర వైపు తోసేశాడు. లోపలున్నావిడ నన్ను చూసి కెవ్వుమంది. ఆవిణ్ణి చూసి నేనూ కెవ్వుమన్నాను.

పని బాగానే ఉంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీని సరుకుతో సహా తూచే పెద్ద కాటాలు ఉంటాయి చూడు, అవి బిగించి, తూకం సరిచూసి, ఇంకో ఊరికి పోవాలి. ఏడాదంతా ఇంతే, ఊరూరా తిరగడం. ఒక్కటే చిక్కు: కాటా కింద గోతిలోకి దిగేటప్పుడు హెల్మెట్ పెట్టుకోవాలి. నా ముడి మీద అది కూర్చోదు. బిందె మీద చెంబు పెట్టినట్టుందని ఇక్కడి మేస్త్రీ ఒకటే నవ్వు.

ఇది భోజనాల దగ్గర చదువుతారని తెలుసు కాబట్టి: నాన్నా, నమస్కారం, జుట్టు శుభ్రంగానే ఉంది. అమ్మా, తింటున్నాను.

నీ అన్న,
తల ఒకటి, అనుమానాలు వంద


ఫిబ్రవరి 24

జడధారీ అన్నయ్యా,

నీ ఉత్తరం నాన్న నిలబడి చదివారు. మైదానంలో నాలుగొందల మంది పిల్లల్ని వరసలో నిలబెట్టే గొంతుతో "కెవ్వుమన్నాను" అని ఆయన చదువుతుంటే అమ్మకి పొలమారింది. డ్రిల్లు మాస్టారు ఇంట్లో నవ్వడం నువ్వెప్పుడైనా చూశావా? నవ్వారు. నవ్వి, కళ్ళజోడు తుడుచుకుని, "పదో తరగతిలోనే చెప్పాను వీడికి, మగాడన్నాక మెడ కనపడాలని" అన్నారు. అమ్మేమో "జుట్టుకి నూనె పెట్టుకుంటున్నాడో లేదో రాయలేదేం?" అంది. ఎవరి బాధ వారిది.

ఇప్పుడు నా సంగతి. ఈ ముక్క నెమ్మదిగా చదువు.

నాకు సీటు వచ్చింది. నువ్వున్న దేశంలోనే, అక్కడొక మ్యూజియంలో, పాత కాగితాలు బాగుచేసే పని ఏడాదిపాటు నేర్పుతారు. నేను పంపిన నమూనాలు చూసి తీసుకున్నారు. పురుగు తినేసి జల్లెడైపోయిన ఒక పటం ఉండేది, గుర్తుందా? వేలు పెడితే పొడి రాలేది. దాని వెనక పలచటి కాగితం వేసి, జిగురు పూసి, బరువు కింద పెట్టి, మళ్ళీ గోడకి తగిలించేలా చేశాను. "అతుకు ఎక్కడుందో మాకు దొరకలేదు" అని రాశారు వాళ్ళు. ఆ వాక్యం నేను రోజుకొకసారి చదువుకుంటున్నాను. ఉండటానికి గది కూడా వాళ్ళే ఇస్తారు. వస్తానో రానో ఏప్రిల్ నెలాఖరులోగా చెప్పాలి.

నాన్న ఆ కాగితం అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. "వాడు అక్కడే ఉన్నాడుగా, కనుక్కుంటాను. వాడు సరేనంటే సరే" అన్నారు. డిగ్రీ నాది, వేళ్ళు నావి, సీటు నాది. జుట్టు మాత్రం నీ చేతిలో ఉంది.

నాన్నకి రెండు ముక్కలు రాయి. ఊరు మంచిది, మనుషులు మంచివాళ్ళు, ఆడపిల్ల ఒక్కతే ఉండొచ్చు అని. అబద్ధమేం కాదు కదా? నాతో విడిగా ఏమైనా చెప్పాలంటే నేను పనిచేసే లైబ్రరీ అడ్రసుకి రాయి. ఇంటికొస్తే అది ఉత్తరం కాదు, రేడియో వార్తలు.

నీ
జిగురు


మార్చి 15

ఒసే జిగురూ,

ఇది నీ లైబ్రరీకి రాస్తున్నాను కాబట్టి నాన్న చదవరు. హమ్మయ్య, చొక్కా గుండీలు విప్పుకుని కూర్చున్నట్టుంది. వరస తప్పితే ఈల వేసే మనిషి లేని చోట రాయడం ఎంత హాయే!

సీటుకి శభాష్. మన వంశంలో అతుకు కనపడకుండా పని చేసినవాళ్ళు నీకు ముందు ఎవరూ లేరు. నాన్నకి రాస్తాలే, కంగారుపడకు. ముందు ఇది విను. ఇంత వింత నా జన్మలో చూడలేదు.

ఈ ఊళ్ళో నేను ఇద్దరు మనుషులం. ముందు నుంచి చూస్తే మీసాలాయన. వెనక నుంచి చూస్తే ఎవరో అమ్మాయి. బస్సులో ఒక పెద్దాయన నా వెనక సీట్లోంచి మర్యాదగా భుజం తట్టి, లేచి సీటిచ్చాడు. నేను తిరిగి థాంక్స్ అన్నాను. నా మొహం చూసి, ఆయన సీటు వెనక్కి తీసుకున్నాడు! అందరూ చూస్తుండగా మళ్ళీ కూర్చున్నాడు, నేనేదో దొంగిలించబోయినట్టు. సరే, నవ్వుకున్నాను.

మొన్న పని అయ్యాక జుట్టు ఆరబోసుకుని గదికి నడిచి వెళ్తున్నాను. ఇంకా వెలుగుంది. వెనక అడుగుల చప్పుడు. నేను ఆగితే ఆగుతోంది, నడిస్తే నడుస్తోంది. చెప్పుల షాపు దాటాను, మందుల షాపు దాటాను, వస్తూనే ఉన్నాడు. ఏదో అంటున్నాడు కూడా. భాష సరిగ్గా రాకపోయినా ఆ గొంతు అర్థమవుతుంది సుమా! వీపంతా చీమలు పాకినట్టయింది. నేను, కాటా గోతిలో ఇనపదిమ్మలు ఎత్తేవాణ్ణి, పరుగు లాంటి నడక నడిచాను. గది తలుపు దగ్గర గిరుక్కున తిరిగి మీసం చూపించాను. వాడు పారిపోయాడు. ఆ తరవాత మేస్త్రీకి చెప్పి ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. కానీ ఒకటి చెప్పనా? ఆ వేళ గదిలో లైటు వేసుకోవడానికి కాసేపు చెయ్యి రాలేదు.

అన్నట్టు, లైబ్రరీ అడ్రసు ఎందుకే? ఇంటికి రాని ఉత్తరాలు ఎవరికి కావాలి? ఎవరే ఆ మహానుభావుడు? అట్టలు వేసేవాడా, కేటలాగు రాసేవాడా? నాకు చెప్పు, నేనెవరికీ చెప్పను.

అన్న,
ముందు నుంచి


ఏప్రిల్ 2

అన్నయ్యా,

కవరు మీద ఏ అడ్రసు రాశావో గుర్తుందా? లోపల "లైబ్రరీకి రాస్తున్నాను" అన్నావు. బయట నీ చెయ్యి చిన్నప్పటి నుంచి అలవాటైన ఇంటి అడ్రసే రాసింది.

పెద్ద భోజనమే అయింది. "నాన్న చదవరు, హమ్మయ్య" అని నాన్నే చదివారు, నిలబడి. ఆపుతారనుకున్నాను. ఆపలేదు. మొదలుపెట్టిన పరుగు గీత దాకా పరిగెత్తాలని పిల్లలకి చెప్పే మనిషి కదా. ఈల దగ్గర గొంతు తగ్గింది. అడుగుల చప్పుడు దగ్గర గొంతు మామూలైంది. "ఎవరే ఆ మహానుభావుడు" దగ్గర ఉత్తరం మడిచి కంచం పక్కన పెట్టి, నన్ను చూశారు. అమ్మ నన్ను చూసింది. నేను మంచినీళ్ళు తాగాను.

ఏ మహానుభావుడూ లేడు. అట్టలు వేసే ఆయనకి ముగ్గురు మనవలు. కేటలాగు ఆయన పుస్తకం పేరు తప్ప మనిషి పేరు గుర్తుపెట్టుకోడు. నాకంటూ ఒక్క ఉత్తరం, నేనే విప్పి, నేనే చదువుకునేది కావాలనుకున్నాను. దానికి మగవాడు ఎందుకుండాలి? ఆ మాట ఇంట్లో చెప్తే "మరి దాచేదేముంది" అన్నారు. దాచేదేముందో నాకూ తెలీదు, దాచుకునే చోటు ఎప్పుడైనా ఉంటేగా.

ఇక నీ వింత సంగతి. చెప్పుల షాపు, మందుల షాపు. అంతేనా? చదువుతుంటే నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. కొత్తగా కాపరానికొచ్చిన కోడలికి వంటిల్లు చూపించినట్టు నీకు దారి చూపించాలనిపించింది. కాబట్టి రాసుకో. గాజు తలుపులున్న షాపుల పక్కనే నడు, వెనకెవడున్నాడో అద్దంలో కనపడుతుంది, తల తిప్పక్కర్లేదు. తల తిప్పావో, పిలిచావంటాడు. గదికి తిన్నగా వెళ్ళకు, ఇల్లు చూపించినట్టవుతుంది. నువ్వు తలుపు దాకా తీసుకెళ్ళి మరీ తిరిగావు, తెలివితక్కువ దద్దమ్మా! ఎవరైనా ముసలమ్మ కనిపిస్తే పక్కన చేరి టైమెంతయిందని అడుగు, తెలిసినవాళ్ళలా ఉంటుంది. తాళంచెవి గుప్పిట్లో, మొన వేళ్ళ మధ్యలోంచి బయటికి. జుట్టు ఆరబోసుకుని నడవకు. నేనెందుకు ఎప్పుడూ ముడే వేసుకుంటానని వెక్కిరించేవాడివిగా, ఇందుకు.

ఇవన్నీ ఎవరు నేర్పారని అడగకు. లైబ్రరీ నుంచి ఇంటికున్న దారే నేర్పింది. కాలేజీ రోజుల నుంచీ. నేను ఎప్పుడూ చెప్పలేదు. చెప్తే దారి మూసేస్తారు గాని, వాణ్ణి ఆపరు. ఇది చదివి చించెయ్. నీకు అక్కరకొస్తుందని రాశాను తప్ప చర్చకి కాదు.

నాన్నకి మాత్రం వెంటనే రాయి. ఆ అడుగుల చప్పుడు విన్నాక ఆయన ముఖం బాగోలేదు. "మీసమున్న వాడికే ఇలా ఉంటే" అని ఒక వాక్యం మొదలుపెట్టి ఆపేశారు. ఆ వాక్యం పూర్తికాక ముందే నీ ఉత్తరం రావాలి. నెలాఖరు దగ్గరకొస్తోంది.

అడ్రసు కింద రాశాను, చూసి రాయి. లైబ్రరీ. లై, బ్ర, రీ.

జిగురు


ఏప్రిల్ 19

చెల్లాయ్,

ఈసారి అడ్రసు మేస్త్రీ చేత రాయించాను. నా చేతిని నమ్మడం మానేశాను.

నవ్వకుండా రాస్తున్నాను. నీ ఉత్తరం రావడానికి రెండ్రోజుల ముందు, కాటా పని అయిపోయి, బస్సు కోసం నిలబడి ఉన్నాను. సాయంత్రం, జనం ఉన్నారు. వెనక నుంచి ఎవడో జడ పట్టుకుని లాగి, నడుం మీద చెయ్యి వేశాడు. తిరిగాను. మీసం చూశాడు. నేనేమనుకున్నానో తెలుసా? సిగ్గుపడతాడనుకున్నాను. వాడికి కోపం వచ్చింది! నేను వాణ్ణి మోసం చేశానని. అందరి ముందు నవ్వులపాలు చేశానని. జుట్టు వదలకుండా మొహం మీద కొట్టాడు. పెదవి చిట్లింది. జనం చూస్తూ ఉన్నారు, బస్సు వచ్చాక ఎక్కి వెళ్ళారు.

పోలీసు స్టేషన్‌కి వెళ్ళాను. అక్కడి వాడు అడిగిన మొదటి ప్రశ్న, ఎవరు కొట్టారని కాదు. "జుట్టు ఎందుకు పెంచావు?" రెండోది, "అక్కడ ఒక్కడివే ఎందుకు నిలబడ్డావు?" ఇంకేదో రాసుకుంటాడని కూర్చున్నాను. రాసుకోలేదు.

రెండ్రోజులకి గదికి నీ ఉత్తరం వచ్చింది. తాళంచెవి, ముసలమ్మ, అద్దాలు. చించమన్నావు. చించలేదు. ఎన్నిసార్లు చదివానో. నా చెల్లెలు రోజూ ఇలా నడుస్తోందా, మన వీధిలో, నేను ఇంట్లో పడుకుని పత్రిక చదువుకుంటున్నప్పుడు! నాకు నిద్ర పట్టలేదు.

అందుకే నాన్నకి రాశాను. అన్నీ రాశాను. నాకు జరిగింది, నీకు జరుగుతున్నది. నువ్వు చెప్పొద్దన్నావు, తెలుసు. కానీ ఇంత తెలిశాక నోరు మూసుకుంటే నేనేం అన్నని? "ఈ దేశం ఆడపిల్ల ఒంటరిగా ఉండదగ్గది కాదు, పంపకండి. అక్కడ కూడా లైబ్రరీకి ఎవరైనా తోడు వెళ్ళండి" అని రాశాను. నీకు కోపం వస్తుంది. రానీ. బతికుంటే సీట్లు బోలెడు వస్తాయి. నువ్వూ నా స్థానంలో ఉంటే ఇదే చేసేదానివి.

జుట్టు తీయించేశాను. దెబ్బ తిన్న మర్నాడే. మెడ మీద గాలి తగిలితే చలేసింది. ఆ వేళే అదే బస్సుస్టాపులో, అదే టైముకి నిలబడ్డాను. ఎవడూ నావైపు చూడలేదు. ఎంత హాయో చెప్పలేను. హెల్మెట్ కూడా పడుతోంది.

జడ పారేయబుద్ధి కాలేదు. పార్శిల్‌లో ఇంటికి పంపుతున్నాను, నా కొత్త తల ఫొటోతో సహా. సవరం చేయించుకో. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారుగా.

నీ మంచి కోరే
అన్నయ్య


మే 11

అన్నయ్యకి,

నెలాఖరు వెళ్ళిపోయింది. నా సీటు కేటలాగు ఆయనకి ఇచ్చారు. మన లైబ్రరీ పెద్దాయనే సిఫారసు చేశారు, సీటు ఊరికే పోకూడదని. ఆయనకి జిగురు ఎంత పలచగా కలపాలో నేనే చూపిస్తున్నాను. వేలికి అంటితే చొక్కాకి తుడుచుకుంటున్నాడు. "ఒక్కణ్ణే ఎలా వెళ్ళనమ్మా, భాష రాదు" అంటే, "మగవాడివి, నీకేమయ్యా!" అన్నారు పెద్దాయన. కేటలాగు ఆయన మెడ కనపడుతుంది మరి.

నాన్నకి నువ్వు రాసింది కూడా భోజనాల దగ్గరే చదివారు. నా తాళంచెవి చదివారు. నా ముసలమ్మల్ని చదివారు. నేను కాలేజీ నుంచి ఒక్కొక్కటే కూడబెట్టుకున్న దారులన్నీ పులుసు గిన్నె పక్కన పరిచారు. అమ్మ "ఎవడే వాడు?" అంది. ఒకడైతే చెప్పేదాన్ని. నాన్న ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు. తిట్టలేదు కూడా. తిడితే బాగుండేది.

మర్నాటి నుంచి ఆయనే వస్తున్నారు. స్కూలుకి వెళ్ళేముందు నన్ను దింపుతారు, సాయంత్రం మైదానం నుంచి తిన్నగా వచ్చి తీసుకెళ్తారు. పక్కన నడవరు, వెనక నడుస్తారు, పిల్లల వరసని తీసుకెళ్ళే అలవాటు. మెడలో ఈల. ఎవడైనా నావైపు చూస్తే ఈల వేస్తారు. మొదటి రోజు వీధి వీధంతా తిరిగి చూసింది, వాణ్ణి కాదు, నన్ను. చెప్పులు కుట్టే ఆయన "ఏమ్మా, ఏం చేశావు?" అని అడిగాడు. ఇదివరకు నా వెనక అడుగుల చప్పుడు ఎప్పుడైనా వినపడేది. ఇప్పుడు రోజూ, రెండు పూటలా. మలుపు దగ్గర గాజు తలుపులో చూసుకుంటాను, అలవాటు పోలేదు. నాన్న కనపడతారు. చెమట పట్టి, కాస్త ఒగరుస్తూ. ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా కుదరడం లేదు, అందుకే మొత్తం నీ మీద పెడుతున్నాను. భరించు.

నీ స్థానంలో ఉంటే నేనూ ఇదే చేసేదాన్నని రాశావు. అన్నయ్యా, నీ స్థానంలో నేనెప్పుడున్నాను? నువ్వే కొద్ది వారాలు నా స్థానంలో ఉన్నావు. అదీ వెనక నుంచి. ఉండి, ఏం తెలుసుకున్నావు? ఆ పోలీసు నిన్ను అడిగిన రెండు ప్రశ్నలూ నీకు అంత మండాయి కదా, వాటినే నాన్నకి సలహాగా రాశావు. వాణ్ణి ఆపమని రాయలేదు. నన్ను ఆపమని రాశావు.

ఊరు మంచిదని రాయమన్నది నేనే. అది అబద్ధమని నాకు తెలుసు, నీకు తెలుసు. ఏ ఊరు మంచిది? అయినా నేను వెళ్తానన్నాను. భయం లేక కాదు. భయంతో నడవడం నాకు వచ్చు కాబట్టి. నీకు ఆ విద్య రాదు, ఒక్క దెబ్బకి తల ఇచ్చేశావు. తప్పు పట్టడం లేదు, నొప్పి నొప్పే. కానీ నువ్వు ఒక షాపు వెతుక్కున్నావు, కుర్చీలో కూర్చున్నావు, లేచావు, అయిపోయింది. బస్సుస్టాపులో ఎవడూ చూడలేదని, ఎంత హాయో చెప్పలేనని రాశావు. నాకు అలాంటి షాపు ఎక్కడుందో చెప్పు, ఎంత దూరమైనా సరే, నాన్న ఈలతో సహా వెళ్తాను.

ఫొటో నాన్న అద్దం పక్కన పెట్టుకున్నారు. "ఇప్పుడు మనిషిలా ఉన్నాడు" అన్నారు. ఆ మాట విని నాకు నీ మీద జాలేసింది, ఒక్క క్షణం.

పార్శిల్ కూడా భోజనాల దగ్గరే విప్పారు, అది వేరే చెప్పాలా. అమ్మ జడని ఒళ్ళో పెట్టుకుని "ఎంత ఒత్తుగా ఉందే, నూనె పెట్టుకున్నాడు" అని మురిసిపోయింది. రాత్రి నేను దాన్ని బల్లమీద పరిచి చూశాను, నా పని అలవాటు. మధ్యలో ఒక చోట వెంట్రుకలు తెగి, లేచిపోయి ఉన్నాయి. వాడు పట్టుకున్న చోటు అదే అయ్యుంటుంది. బాగుచేద్దామా అని చెయ్యి వెళ్ళింది. తీసేశాను. అన్ని అతుకులూ కనపడకుండా వెయ్యక్కర్లేదు.

సవరం నాకొద్దు. నాకున్న జుట్టుతోనే సరిపోయినంత అవుతోంది. ఇదిగో, అదే పెట్టెలో, అదే తాడుతో, నీకే తిప్పి పంపిస్తున్నాను. ముడి వెయ్యకు. టోపీకి కుట్టించుకుని, ఆరబోసుకుని, ఆ చెప్పుల షాపు నుంచి నీ గది దాకా ఒక్కసారి మళ్ళీ నడు. ఆ నడక తెలిసినవాడిలా నాన్నకి మళ్ళీ రాయి. ఇంటి అడ్రసుకే రాయి, పరవాలేదు.

ఈసారి నిలబడి చదివేది నేను.

చెల్లెలు